గీసినవాళ్ళదే బొమ్మ

భీమవరంలో పిల్లల సంరక్షణ పనుల్లో ఉన్న నా స్నేహితురాలు ఈమధ్య ఇంగ్లీషులో ఉన్న ఒక పీడీఎఫ్ పంపింది. ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లలతో చేయించదగిన ఆర్ట్ థెరపీ (బొమ్మల ద్వారా మనసుకు చేసే చికిత్స) యాక్టివిటీల జాబితా అది. ఫోస్టర్ కేర్ అంటే కన్నవాళ్ళకు దూరమైన పిల్లను వేరే కుటుంబం కొంతకాలం పెంచడం. "మన ఆడవాళ్ళకి అర్థమయ్యేలా తెలుగులో రాసిపెట్టవే, పెంపుడు తల్లులకీ అమ్మమ్మలకీ ఇస్తాం" అంది. చదివాను. భయం లేకుండా ఉండగలిగే చోటు గీయమనడం, కోపానికి ఒక మాస్కు చేయించడం, లోపలి మొహం ఒకటి బయటి మొహం ఒకటి వేయించడం, జ్ఞాపకాల పెట్టె, కుటుంబ వృక్షం. వీటిలో తప్పుపట్టాల్సిందేమీ లేదు. అనుభవం ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి చేయిస్తున్నవే. కానీ మొత్తం చదివాక నాకొక ప్రశ్న మిగిలిపోయింది. పిల్ల బొమ్మ వేశాక ఆ కాగితం ఏమవుతుంది? ఎవరు తీసుకుంటారు, ఎవరికి చూపిస్తారు, ఎక్కడ పెడతారు, చింపాలనిపిస్తే ఎవరు చింపొచ్చు? ఆ జాబితాలో దీని గురించి ఒక్క ముక్క లేదు.

నాకు అసలు సంగతి అక్కడే ఉందనిపిస్తుంది. సొంత ఇంటికి దూరమైన పిల్లల సంగతి ఒకసారి ఆలోచించండి. ఏ ఇంట్లో ఉండాలో బాలల సంక్షేమ సమితి చెబుతుంది. ఏ బడిలో చేరాలో పెంచేవాళ్ళు చెబుతారు. అమ్మను ఎప్పుడు కలవాలో ఆఫీసరు చెబుతాడు. తమ్ముడు వేరే చోట ఎందుకు ఉన్నాడో ఎవరూ చెప్పరు. ఇలాంటి పిల్ల చేతికి ఒక తెల్ల కాగితం ఇచ్చినప్పుడు, ఆ కాసేపు, ఆ కాగితం మీద ఏం జరగాలో తనే నిర్ణయిస్తుంది. గీయడం, గీయకపోవడం, సగంలో ఆపేయడం, రంగు పూసి కప్పేయడం, నలిపి పారేయడం, దిండు కింద దాచుకోవడం అన్నీ తన ఇష్టం. బొమ్మలో ఉన్న అర్థం కన్నా ఆ ఇష్టమే పిల్లకు ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం. పూర్తయిన మరుక్షణం ఆ కాగితాన్ని మనం లాక్కుంటే మిగతా ఎన్ని యాక్టివిటీలు చేయించినా వచ్చేది తక్కువ.

ఇది నేను పుస్తకాల్లోంచి మాత్రమే చెప్పడం లేదు. మా అక్క ఫోస్టర్ కేర్ కింద ఒక ఆడపిల్లను పెంచుతోంది. ఊరి పేరు రాయను, పిల్ల పేరూ రాయను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఇలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. చట్టం చెప్పకపోయినా రాసేదాన్ని కాదు.

మన డెల్టాలో ఈ పిల్లలు ఎవరు

2015 నాటి ఆ జువెనైల్ జస్టిస్ చట్టం 44వ సెక్షన్ ప్రకారం ఫోస్టర్ కేర్ అంటే, బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుతో ఒక పిల్లను సొంత అమ్మానాన్నలు కాని వేరే కుటుంబం కొంతకాలం పెంచడం. దత్తత వేరు, ఇది వేరు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద పిల్ల ఖర్చుకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. 2024లో మార్గదర్శకాలు మార్చి, పెళ్ళయిందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా ఒంటరిగా ఉన్నవాళ్ళకూ అవకాశం ఇచ్చారు. పెంచిన కుటుంబమే ఆ పిల్లను దత్తత తీసుకోవాలంటే ఆగాల్సిన కాలాన్ని అయిదేళ్ళ నుంచి రెండేళ్ళకు తగ్గించారు.

అయితే నాకు తెలిసినంతలో, గోదావరి పాయల మధ్య అమ్మానాన్నలకు దూరంగా పెరుగుతున్న పిల్లల్లో చాలామంది ఏ ఫైల్లోనూ ఉండరు. అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు వైపు ఏ ఊరికి వెళ్ళినా కనిపిస్తారు. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్ళింది. తండ్రి ఉన్నాడో లేడో అన్నట్టు ఉంటాడు. పిల్లలు అమ్మమ్మ దగ్గర, లేదా మేనమామ ఇంట్లో, కొన్నిసార్లు పక్కింటి పిన్ని దగ్గర ఉంటారు. వాళ్ళను పెంచేవాళ్ళకు శిక్షణ లేదు, నెలవారీ సాయం లేదు, వచ్చి చూసి వెళ్ళే సోషల్ వర్కర్ లేడు. స్నేహితురాలు ఆ కాగితాలు అమ్మమ్మలకు కూడా ఇస్తాననడం నాకు నచ్చింది అందుకే. చట్టం పేరు పెట్టినా పెట్టకపోయినా ఆ పిల్లల దిగులు ఒకే తీరుగా ఉంటుంది.

నల్లగా నింపిన కాగితం

అక్క ఇంటికి వచ్చిన కొత్తలో ఆ పిల్ల పెద్దగా మాట్లాడేది కాదు. నేను వెళ్ళినప్పుడల్లా క్రేయాన్ల పెట్టె, తెల్ల కాగితాలు వంటింటి గట్టు మీద పెట్టేసి నా పని నేను చూసుకునేదాన్ని. అన్నిట్లోకీ నలుపే ముందు అరిగిపోయేది. కాగితం అంచు దాకా నల్లగా పూసేది, మధ్యమధ్యలో పసుపు చుక్కలు పెట్టేది. ప్రతిసారీ అదే.

ఒకరోజు ఇల్లు చూడటానికి వచ్చిన ఒకావిడ ఆ కాగితాలు చూసి గాభరాపడింది. ఎక్కడో రెండు రోజుల ట్రైనింగ్ తీసుకుందట. "నలుపు ఎక్కువ వాడితే లోపల డిప్రెషన్ ఉన్నట్టండి, రిపోర్టులో రాయాలి" అంది. అక్కకు టెన్షన్ పట్టుకుంది. రాత్రి ఫోన్ చేసి, "మనం బాగా చూసుకోవట్లేదనుకుంటారేమోనే, నల్ల క్రేయాన్ తీసేయనా?" అని అడిగింది. తీయొద్దన్నాను.

చాలా వారాల తర్వాత అక్క దొడ్లో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. పిల్ల వచ్చి పక్కన కూర్చుని, ఎవరూ అడక్కుండానే చెప్పింది. "మా నాన్న చెరువు కాపలాకి వెళ్ళేవాడండి. నన్నూ తీసుకెళ్ళేవాడు. రాత్రిళ్ళు లైట్లన్నీ నీళ్ళల్లో కనపడేయి. ఫ్యాన్లు తిరుగుతుంటే భలే నిద్ర పట్టేది." రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లను మనవాళ్ళు ఫ్యాన్లంటారు కదా. ఆ శబ్దం పక్కన, గట్టు మీద పాకలో, తండ్రి పక్కన పడుకున్న రాత్రులన్నమాట ఆ నలుపు. ఆ పిల్ల జీవితంలో బాగున్న రోజులు అవి.

ఆ క్రేయాన్ తీసేసి ఉంటే ఏమయ్యేది? ఆ రాత్రులను గీసుకునే దారి మూసుకుపోయేది. రిపోర్టులో "డిప్రెషన్" అని ఎక్కి ఉంటే, ఆ తర్వాత చదివే ప్రతి ఆఫీసరూ పిల్లను ఆ మాటలోంచే చూసేవాడు.

ఈ బొమ్మ గురించి రాయొచ్చా అని మొన్న ఆ పిల్లనే అడిగాను. కాసేపు ఆలోచించి, "రాయండి. ఫొటో మాత్రం పెట్టకండి" అంది. అందుకే ఇక్కడ ఫొటో లేదు.

బొమ్మను చదివి పిల్లను తెలుసుకోవాలనే ఆశ కొత్తదేమీ కాదు. 1926లో ఫ్లోరెన్స్ గుడెనఫ్ అనే అమెరికన్ సైకాలజిస్టు, పిల్ల గీసిన మనిషి బొమ్మను బట్టి తెలివితేటలు కొలిచే పరీక్ష తయారుచేసింది. 1949లో కరెన్ మాకోవర్ అదే మనిషి బొమ్మతో వ్యక్తిత్వాన్ని చదవొచ్చంది. ఇల్లు, చెట్టు, మనిషి గీయించే పరీక్షలూ, కుటుంబమంతా ఏదో పని చేస్తున్నట్టు గీయించే పరీక్షలూ అలాగే వచ్చాయి. ఫలానా రంగు వాడితే ఫలానా బాధ, చేతులు గీయకపోతే ఫలానా లోపం అనే సూత్రాలకు తర్వాతి పరిశోధనల్లో గట్టి ఆధారం దొరకలేదు. అయినా మన ట్రైనింగుల్లో ఆ సూత్రాలే ఎక్కువ చెబుతున్నారు. కారణం నాకు అర్థమవుతుంది. అవి గుర్తుపెట్టుకోవడం సులువు. పిల్ల పక్కన వారాల తరబడి ఏమీ అడక్కుండా కూర్చోవడం కష్టం.

నరసాపురం రేవు దగ్గర ఇంకో కుర్రాడి సంగతి. వాడు ఎప్పుడూ పంటు గీసేవాడు, గోదావరి మీద మనుషుల్నీ బళ్ళనీ సఖినేటిపల్లికి దాటించే పంటు. వాళ్ళమ్మ ఊళ్ళో లేదు కాబట్టి అవతలి ఒడ్డు అంటే అమ్మ అని వాళ్ళ టీచరమ్మ తేల్చేసింది. వాడిని అడిగితే మోటారు సైకిళ్ళు ఎన్ని పడతాయో, ముందు ఏది ఎక్కించాలో, తాడు ఎటు కట్టాలో చెప్పాడు. టీచరమ్మ చెప్పింది నిజం కాదని నేను అనలేను. వాడికే తెలియని లోపలి సంగతి అదే అయ్యుండొచ్చు. కానీ వాడు చెబుతున్నది వదిలేసి, చెప్పని దాని కోసం వెతకడం ఎందుకు? వాడు ఆ పంటు గురించి ఎంత వివరంగా చెప్పాడంటే, అంతసేపు ఒక పెద్దమనిషి తన మాట వినడమే వాడికి పండగలా ఉంది.

కువైట్‌కి వెళ్ళిన బొమ్మ

బొమ్మ మీద హక్కు అని పెద్ద మాట వాడుతున్నానని మీకు అనిపించొచ్చు. ఒక ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను.

తల్లి కువైట్‌లో ఉంది. పిల్లాడు అమ్మమ్మ దగ్గర. ఆవిడ అరుగు మీద కూర్చుని లేసు అల్లుతుంటే వాడు పక్కన బోర్లా పడుకుని పాత నోటుపుస్తకంలో బొమ్మలు వేసేవాడు. నేను చూసిన వాటిలో అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. ఆవిడ చూపు సూది మీద, వాడి చూపు కాగితం మీద. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. మధ్యలో వాడు ఒక మాట అనేవాడు, ఆవిడ "ఊఁ" అనేది. కళ్ళల్లోకి చూసి "చెప్పు నాన్నా, నీకేం బాధ?" అని అడిగితే ఏ పిల్లాడు చెబుతాడు?

ఒకరోజు వాడు ఒక ఆడమనిషిని గీశాడు. ఆవిడకు చాలా చేతులు. ఒక చేతిలో చీపురు, ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో చిన్న పిల్లాడు. ఆ పిల్లాడు వీడు కాదు, అమ్మ పనిచేసే ఇంటివాళ్ళ పిల్లాడు. అమ్మమ్మకు ముచ్చటేసింది. ఫొటో తీసి శుక్రవారం ఇమో యాప్‌లో కూతురు ఫోన్ చేసేలోపు పంపించింది. కూతురు ఆ బొమ్మ చూసి ఫోన్లోనే ఏడ్చింది. మాట్లాడలేక పెట్టేసింది. పిల్లాడికి తెలిసిందల్లా తన బొమ్మ చూసి అమ్మ ఏడ్చిందని. ఆ తర్వాత నెలలపాటు నోటుపుస్తకం తెరవలేదు. తర్వాత కువైట్ నుంచి వచ్చిన కార్గోలో పెద్ద రంగుల పెట్టె వేసింది వాళ్ళమ్మ. దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు వాడు.

ఆ అమ్మమ్మను నేను ఏమీ అనలేదు, అనే హక్కు నాకు లేదు. కానీ మాటల్లో ఆ సంగతి వచ్చింది. "కన్నతల్లికి చూపించకపోతే ఎవరికి చూపించనమ్మాయ్? అదక్కడ వాడి మొహం కోసం మొహం వాచిపోయి ఉంది" అంది. నా దగ్గర దీనికి తేలిక జవాబు లేదు. పిల్లాడి బొమ్మ మీద వాడికి హక్కు ఉంటే, వేల మైళ్ళ దూరంలో ఉన్న తల్లికి వాడి చేతిగీత మీద ఏ హక్కూ లేదా? ఉంది. ఆ తల్లి సంపాదనతోనే ఆ నోటుపుస్తకం కూడా వచ్చింది. అయినా నేను వాడివైపే నిలబడతాను. "ఇది అమ్మకి పంపనా?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. వాడు వద్దని ఉంటే ఇంకో బొమ్మ అడగొచ్చు, అమ్మ కోసమని వేరేగా వేయమనొచ్చు. అమ్మ చూడటానికి వేసే బొమ్మ ఒకటి, తన కోసం వేసుకునే బొమ్మ ఒకటి అని పిల్లలకు బాగా తెలుసు. రెండింటినీ కలిపేసేది మనమే.

బహుమతులు, ఫొటోలు

ఒక బాలల దినోత్సవానికి, ఎక్కడో చెప్పను, హాస్టల్ పిల్లలనూ బంధువుల ఇళ్ళలో ఉంటున్న పిల్లలనూ కూర్చోబెట్టి "నా కుటుంబం" అనే అంశం మీద పోటీ పెట్టారు. ఒక పిల్లాడు పెంకుటిల్లు, కొబ్బరిచెట్టు, కోడిపుంజు వేశాడు. మనుషుల్ని వేయలేదు. నిర్వాహకుల్లో ఒకాయన వచ్చి "మనుషులేరిరా? టైమ్ అయిపోతోంది, అమ్మానాన్నల్ని వెయ్యి" అన్నాడు. వాడు గబగబా నలుగురిని పుల్లలతో నిలబెట్టాడు. స్టీలు టిఫిన్ బాక్సు బహుమతి వచ్చింది. స్టేజీ మీద బొమ్మ పట్టుకున్న వాడి ఫొటో, మొహం స్పష్టంగా కనపడేలా, రాత్రికల్లా వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది.

ఆ నిర్వాహకుడు మంచివాడు. ఆ టిఫిన్ బాక్సులకు డబ్బులు పోగుచేయడానికి షాపు షాపూ తిరిగాడు. ఫొటో లేకపోతే వచ్చే ఏడాది ఎవరూ ఇవ్వరని ఆయన బాధ, అది నిజమే కూడా. ఫొటో తీసుకోండి, పిల్లల వీపు వైపు నుంచి తీసుకోండి, ఖాళీ హాలు తీసుకోండి, క్రేయాన్ల పెట్టెలు తీసుకోండి. పిల్ల మొహం, పిల్ల బొమ్మ ఒకే ఫొటోలో పెట్టి పంపించొద్దు. ఇక అంశం సంగతి. ఇల్లు విడిచి వచ్చిన పిల్లకు "నా కుటుంబం" ఇచ్చి, అది గంటలో పూర్తిచెయ్యాలని, దానికి మార్కులు వేస్తామని చెప్పడం క్రూరంగా అనిపిస్తుంది నాకు. మీ ఉద్దేశం అది కాదని తెలుసు. పిల్లకు మాత్రం అలాగే తగులుతుంది.

ముందు ఈ పని చేసినవాళ్ళు

ఆర్ట్ థెరపీ అనే పేరు పెట్టింది 1942లో ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు. క్షయ శానటోరియంలో రోగిగా ఉంటూ బొమ్మలు వేసుకుని, తోటి రోగులతో వేయించిన మనిషి ఆయన. కానీ ఇల్లు లేని పిల్లల విషయంలో నేను తలుచుకునేది ఫ్రీడల్ డికర్-బ్రాండైస్‌ను. వియన్నాలో పుట్టిన యూదు చిత్రకారిణి. నాజీలు 1942 చివర్లో ఆమెను యూదులను బంధించి ఉంచిన తెరెజిన్ ఘెట్టోకు పంపారు. అక్కడ అమ్మానాన్నల నుంచి విడదీసి బ్యారక్‌ల్లో ఉంచిన పిల్లలకు ఆమె బొమ్మలు నేర్పింది. కాగితం దొరక్కపోతే ఆఫీసుల్లో పారేసిన ఫారాల వెనకవైపు వేయించింది. బొమ్మ కింద పిల్లలు తమ పేరు తామే రాయాలని పట్టుబట్టింది. మనుషులు నంబర్లుగా మారిపోయిన చోట అది ఎంత పెద్ద పనో ఆలోచించండి. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్ మరణశిబిరానికి పంపి చంపేశారు. పోయేముందు ఆమె దాచిన రెండు సూట్‌కేసుల్లో దాదాపు 4,500 బొమ్మలు దొరికాయి. ఇప్పుడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. ఆ పిల్లల్లో చాలామంది మిగల్లేదు. వాళ్ళ పేర్లు ఆ కాగితాల మీద ఉన్నాయి.

ఆమె దగ్గర నేర్చుకున్న ఈడిత్ క్రేమర్ 1938లో న్యూయార్క్ చేరింది. అక్కడ ఇళ్ళకు దూరమైన మగపిల్లల కోసం నడిచే విల్ట్‌విక్ స్కూల్లో పనిచేసి, ఆ అనుభవంతో 1958లో పుస్తకం రాసింది. పెద్దవాళ్ళు చేయాల్సిన పనికి ఆమె "మూడో చెయ్యి" అని పేరు పెట్టింది. మట్టిబొమ్మ కూలిపోబోతుంటే ఆసరా పట్టుకోవాలి, కావలసిన రంగు కలిపి అందించాలి, అంతే. మన ఇష్టాన్ని, మన అర్థాన్ని పిల్ల పనిలో దూర్చకూడదు.

ఇంగ్లండులో డొనాల్డ్ విన్నికాట్ అనే పిల్లల డాక్టరు, రెండో ప్రపంచయుద్ధంలో బాంబుల భయంతో నగరాల నుంచి పంపించేసిన పిల్లలతో ఆక్స్‌ఫర్డ్‌షైర్ హాస్టళ్ళలో పనిచేశాడు. ఆయన పేరు మీద మిగిలిన ఆట చాలా చిన్నది. నేను ఒక వంకర గీత గీస్తాను, నువ్వు దాన్ని ఏదో ఒకటి చెయ్యి. తర్వాత నువ్వు గీయి, నేను చేస్తాను. పెద్దవాళ్ళ గీతా పిల్లల చేతిలో పడుతుంది కాబట్టి ఇద్దరికీ సమానంగా ఉంటుంది. అక్క పిల్లతో ఇది ఆడాను. నేను గీసిన సున్నను తను చేపల బుట్ట చేసింది, తను గీసిన గజిబిజి గీతను నేను కాలువ చేస్తే "కాలువ ఇంత వంకర ఉండదండి" అని దిద్దింది. మొత్తం జాబితాలో ఒక్కటే ఉంచమంటే నేను దీన్నే ఉంచుతాను. ఖర్చు లేదు, బొమ్మ రాదనే భయం లేదు, అమ్మమ్మలు కూడా ఆడొచ్చు.

నాకున్న సందేహాలు

మొదటిది: థెరపిస్టు లేకుండా దీన్ని థెరపీ అనొచ్చా? అనకూడదు. ఆర్ట్ థెరపిస్టు అంటే చదువూ పర్యవేక్షణా ఉన్న మనిషి. మన డెల్టా పల్లెల్లో అలాంటివాళ్ళు దొరకడం కష్టం. రాత్రిళ్ళు కేకలు పెట్టి లేచే పిల్ల, తనను తాను గాయపరుచుకునే పిల్ల, తిండి మానేసిన పిల్ల ఉంటే క్రేయాన్లతో కాలయాపన చేయకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇంట్లో మనం చేసేది బొమ్మలు వేసుకోవడమే. ఆ పేరుతోనే పిలుద్దాం. అప్పుడు పెంచే తల్లులకూ భయం ఉండదు.

రెండోది బరువైనది. బొమ్మలో నిజంగానే ఏదైనా బయటపడితే? చదవొద్దు, అడగొద్దు అని ఇంతసేపు చెప్పాను. కానీ తెలిసిన మనిషి చేతిలోనే పిల్ల ఒళ్ళు నలిగిందని చెప్పే బొమ్మ ఎదురైతే కళ్ళు మూసుకోవాలా? వద్దు. అయితే అక్కడ కూడా బొమ్మ ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పొద్దు, పిల్లను పదేపదే గుచ్చి అడగొద్దు. గుచ్చి అడిగితే చిన్నపిల్లలు మనకు ఏ జవాబు కావాలో పసిగట్టి అదే చెబుతారు, నిజం అందులో కలిసిపోతుంది. "దీని గురించి చెప్పాలనుంటే వింటాను" అనడం వరకే మన పని. పిల్ల నోటితో చెప్పిందా, లేదా నేరం జరిగిందని మనకు తెలిసిందా, ఇక దాచడానికి లేదు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే. ఎటూ తోచకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. బొమ్మ పిల్లదే అన్న నా మాటకు ఇక్కడ హద్దు ఉంది. ఆ హద్దును పిల్లకు ముందే చెప్పాలి. "నీ బొమ్మలు నేనెవరికీ చూపించను. నిన్నెవరైనా బాధపెడుతున్నారని తెలిస్తే మాత్రం ఆపడానికి ఇంకొకరి సాయం అడుగుతాను." అక్క ఇలాగే చెప్పింది. పిల్ల తలూపింది.

మూడోది అమ్మమ్మల వైపు నుంచి వచ్చే మాట: "మర్చిపోతున్న దాన్ని ఎందుకండీ కెలకడం?" నేను దీన్ని తోసిపుచ్చను. గోదారి పొంగి లంకలు మునిగినప్పుడు సామాను గట్టెక్కించుకుని, నీళ్ళు తీశాక ఇల్లు కడుక్కుని మళ్ళీ మొదలుపెట్టే మనుషులు వీళ్ళు. 2022 జులైలో కూడా అదే చేశారు. తవ్వుకుంటూ కూర్చోకపోవడం వాళ్ళకు బతుకు నేర్పిన పద్ధతి. అందుకే "నీ బాధ గీయి" అనే యాక్టివిటీలు నాకూ ఇష్టం లేదు. పిల్ల తనంతట తను గీస్తే గీస్తుంది. పదిసార్లు పువ్వులే వేస్తే పువ్వులే వేయనివ్వాలి.

నెలకు నాలుగు వేలలో చెప్పులూ పాలూ ట్యూషనూ చూసుకోవాలి, రంగులకు ఎక్కడ తెచ్చేది అనే మాట కూడా విన్నాను. దీనికి పెద్దగా వాదించను. కాలువ గట్టున ఒండ్రుమట్టి ఉంది, ఇంట్లో ముగ్గుపిండి ఉంది, కొబ్బరి ఈనెలు, తాటిముంజల బండి ఉన్నాయి. ముగ్గుకు ఇంకో సుగుణం ఉంది. మర్నాటికి చెరిగిపోతుంది, ఎవరూ ఫైల్లో పెట్టలేరు.

తెలుగులో నేను రాసిచ్చింది

చివరికి ఆ జాబితాను ఉన్నదున్నట్టు తెలుగు చేయలేదు. స్నేహితురాలితో చెప్పే మార్చాను. కుటుంబ వృక్షం తీసేశాను. భయం లేని చోటు గీయమనేది ఉంచాను, కానీ అది నిజంగా ఉన్న చోటే కానక్కర్లేదని రాశాను. చెట్టు మీద ఇల్లు అయినా, నీళ్ళ అడుగున గది అయినా ఫరవాలేదు. అలాంటి చోటు ఇంతవరకూ చూడని పిల్లలు ఉంటారు మరి. కోపం మాస్కు స్థానంలో మట్టి పెట్టాను. పిసకడం, నేలకేసి కొట్టడం, మళ్ళీ ముద్ద చేయడం చేతులకు హాయినిస్తుంది, చేసింది నచ్చకపోతే కలిపేయొచ్చు.

ఎక్కువ కాగితం పెద్దవాళ్ళ కోసమే ఖర్చయింది. వారంలో ఒకే రోజు, ఒకే చోట, ఒకే వేళకు కూర్చోమన్నాను. తప్పితే పిల్లకు ముందే చెప్పమన్నాను. మాట తప్పిన పెద్దవాళ్ళను ఈ పిల్లలు చాలామందిని చూశారు. పక్కన కూర్చుని మీ చేతిపని మీరు చేసుకోండి అన్నాను, లేసో, చింతపండు గింజలు తీయడమో, పూలు కట్టడమో. "ఇదేంటి?" అని అడగొద్దు, "ఇక్కడ ఎరుపు బాగా నొక్కి వేశావే" అని కనిపించింది చెప్పొచ్చు. బాగుంది అనడం కూడా తగ్గించమన్నాను. ఇది చాలామందికి నచ్చదని తెలుసు. కానీ మన మెప్పు మీద ఆధారపడి ఒక ఇంట్లో చోటు దక్కుతుందని భయపడే పిల్ల, ఒకసారి బాగుందంటే ఇక మనకు నచ్చే బొమ్మలే వేస్తుంది. ఒక అట్టపెట్టె గానీ సంచి గానీ పిల్ల పేరుతో ఉండాలి, దాన్ని తను తప్ప ఎవరూ తెరవకూడదు. చింపుతానంటే చింపనివ్వాలి. ఇది అక్కకే కష్టమైంది. పిల్ల ఒక మంచి బొమ్మను నాలుగు ముక్కలు చేస్తుంటే చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగిందట.

ఇంకొక విషయం ఆ కాగితంలో పట్టలేదు, స్నేహితురాలితో విడిగా మాట్లాడాను. అక్క దగ్గరున్న పిల్ల ఎప్పటికీ అక్కడే ఉంటుందని చెప్పలేం. తండ్రి ఆరోగ్యం కుదుటపడితే ఆయన దగ్గరికి వెళుతుంది, వెళ్ళాలి కూడా. అక్క తనకు ఆ మాట మొదట్నుంచీ చెబుతూనే ఉంది. అలా వెళ్ళేటప్పుడు పిల్లతో పాటు ఫైలు వెళుతుంది, ఆధార్, బడి టీసీ వెళతాయి. బొమ్మలు? చాలాసార్లు పాత పుస్తకాలతో కలిసి ఇంట్లోనే ఉండిపోతాయి, లేదా చిత్తుకాగితాల బండికి పోతాయి. స్నేహితురాలు వెంటనే ఇబ్బందులు చెప్పింది. "మేం వెళ్ళేది బస్సులోనో బండి మీదో. మట్టిబొమ్మలు పగిలిపోతాయి, కాగితాలు తడిసిపోతాయి. ఎవరు మోస్తారే?" నిజమే. మా బావ చెరువుల దగ్గర మిగిలిన పీవీసీ పైపు ముక్క కోసి, రెండువైపులా మూతలు బిగించి ఇచ్చాడు. చుట్టచుట్టిన కాగితాలు అందులో పడతాయి, వాన తగలదు, చంకలో పెట్టుకుని బస్సెక్కొచ్చు. మట్టివాటికి ఫొటోలు తీసి ప్రింట్లు పిల్లకే ఇవ్వొచ్చు.

పిల్లను అప్పగించే రోజున సంతకాలు చేసే కాగితంలో ఇంకొక గడి ఉండాలని అడుగుతున్నాను. తన బొమ్మలు తనకు ముట్టాయని ఆ గడిలో పిల్లే రాసి సంతకం పెట్టాలి. చదువురాని వయసైతే వేలిముద్రో, ఒక చిన్న బొమ్మో. స్నేహితురాలు దీన్ని జిల్లా ఆఫీసులో అడుగుతానంది. ఫారం మార్చడం వాళ్ళ చేతుల్లో లేదంటే, అడుగున ఖాళీ ఉన్నచోట చేత్తోనైనా రాయించమన్నాను.